సభ్యుల పద్దు – వెబ్‌సైటు తలుపు

సంఘము నడుపుట యనగా సగము పని సభ్యుల పద్దు నడుపుటయే. ఎవరు చేరినారు, ఎవరి చందా ఎన్నటితో ముగియును, ఎవరి చిరునామా మారినది అను మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పలేని కార్యదర్శి ఎంతటి ఉపన్యాసములు ఏర్పాటు చేసినను సంఘము నిలువదు. పూర్వమీ పద్దు అట్టబైండు వేసిన రిజిస్టరులో నుండెడిది. ఈనాడది కంప్యూటరులో డేటాబేసు రూపమున నున్నది. సభ్యులు వచ్చి కూర్చుండి చదువుకొను గదికి తోడుగా వెబ్‌సైటు వచ్చినది. అయినను అనేక సంఘములలో ఈ రెండింటి నడుమ ఇంకను ఒక మనిషియే నిలిచియున్నాడు. చందా చేరిన వార్త చూచి, పద్దులో పేరెక్కించి, పిమ్మట వెబ్‌సైటు తెఱచి ఆ సభ్యునికి ప్రవేశ మిచ్చువాడు అతడే. అతనికి జ్వరము వచ్చిన వారము సంఘమునకును జ్వరమే.

ఈ నడిమి పనిని, ప్రోగ్రాము వ్రాయుట తెలియనివారు సయితము యంత్రమున కప్పగింపగల సాధనములు ఈ పదునైదేండ్లలో వ్యాపించినవి. అమెరికాలోని మిస్సోరి రాష్ట్రమున 2011లో ఆరంభమైన జాపియర్ అట్టి వానిలో నొకటి. చెక్ దేశమున ఇంటిగ్రోమాట్ అను పేర పుట్టి 2022లో మేక్ అను పేరు దాల్చినది మఱియొకటి. పద్దు నుంచుటకు ఎయిర్‌టేబుల్ గలదు. అది చూపునకు లెక్కల కాగితము వలె నుండి లోపల డేటాబేసు వలె పనిచేయును. వెబ్‌సైటు తలుపు కాచుటకు మెంబర్‌స్టాక్ వంటివి గలవు. పేర్లు మారవచ్చును, వెలలు మారవచ్చును. పని తీరు మాత్రము అన్నిట నొకటే.

ఆ తీరు ఒక్క వాక్యములో నిముడును: ఇది జరిగినపుడు అది చేయుము. మొదటి సగమును ట్రిగ్గర్ అనియు, రెండవ సగమును యాక్షన్ అనియు అందురు. స్టూడియోలో ఎఱ్ఱదీపము వెలిగినంతనే ప్రసంగకర్త ఆరంభించును. దీపము ట్రిగ్గర్, ప్రసంగము యాక్షన్. దీపము వెలిగిన తరువాత గొంతు సవరించుకొనువారి సంగతి వేఱు.

ఒక గ్రంథాలయ సంఘమును ఊహించుకొందము. సభ్యులు 600 మంది. పాత మాసపత్రికలను స్కాను చేసి వెబ్‌సైటులో నుంచినారు. ఏటి చందా కట్టినవారే వానిని చదువవచ్చును. ఒకరు చందా కట్టగానే చెల్లింపు సేవ ఆ వార్తను మేక్‌కు అందించును. మేక్ పద్దులో ఆ సభ్యుని వరుసను వెదకి, గడువు తేదీని ఒక యేడు ముందునకు జరిపి, పిమ్మట వెబ్‌సైటునకు చెప్పి తలుపు తీయించును. ఇదంతయు తెరమీది బొమ్మలను గీతలతో కలుపుటచే ఏర్పడును. ఓపికగల కోశాధికారి రెండు మూడు సాయంకాలములలో చేయగల పని.

వార్త అందు విధములు రెండు. తపాలా జవాను వచ్చి తలుపు తట్టుట యొకటి. మనమే మాటిమాటికి తపాలా కచేరికి పోయి మాకేమైన వచ్చినదా యని అడుగుట రెండవది. మొదటి పద్ధతికి వెబ్‌హుక్ అని పేరు. ఆ పేరు 2007లో జెఫ్ లిండ్సే అను ప్రోగ్రామరు పెట్టినది. రెండవదానిలో కొన్ని నిమిషముల ఆలస్యము తప్పదు. రూకలు చెల్లించినవాడు ఆ కొన్ని నిమిషములును వాకిట నిలువవలసివచ్చును గనుక, చందా విషయమున వెబ్‌హుక్కే తగినది.

ఇంతవరకు సులువే. చందా కట్టిన మనిషియు పద్దులోని మనిషియు ఒకరేయని యంత్రము ఎట్లు గుర్తించును? చిక్కంతయు ఇక్కడ నున్నది. పేరును బట్టి యనరాదు. వెంకటేశ్వరరావు అను పేరును ఇంగ్లీషు అక్షరములలో ఎన్ని తీరుల వ్రాయుదురో లెక్కించుట కష్టము. పైగా వెబ్‌సైటు దరఖాస్తులు పాశ్చాత్యుల అలవాటు ననుసరించి మొదటి పేరు, చివరి పేరు అని రెండు గళ్ళు చూపుచుండును. మనకు ఇంటిపేరే మొదటిది. ఒకరు దానిని మొదటి గడిలో వ్రాయుదురు. ఒకరు పొడి అక్షరముగా చివరి గడిలో పెట్టుదురు. వివాహానంతరము ఇంటిపేరు మార్చుకొన్నవారు కొందరు, మార్చుకొననివారు కొందరు. అక్షరము తేడా వచ్చినచో యంత్రమునకు అతడు వేఱు మనిషియే.

కావున సాధారణముగ ఈమెయిలు చిరునామాను గుర్తుగా తీసికొందురు. కాని మన యిండ్లలో ఒక ఈమెయిలు ఒక్కరి సొత్తు కాదు. తండ్రి తన చందాకు కుమారుని చిరునామా యిచ్చును. దంపతు లిద్దరును సభ్యులై ఒకే చిరునామా వ్రాయుదురు. ఇపుడు అమ్మగారి చందా చేరినదనుకొనుడు. యంత్రము ఆ చిరునామాను వెదకి, మొదట కనబడిన అయ్యగారి గడువును పొడిగించును. అయ్యగారికి రెండేండ్ల ప్రవేశము, అమ్మగారికి మూసిన తలుపు! యంత్రము దృష్టిలో తప్పేమియు జరుగలేదు; హెచ్చరిక యెక్కడను కనబడదు. ఉద్యోగము మారి పాత చిరునామా విడిచినవారు కొత్తదానితో చందా కట్టగా, కొత్త సభ్యులుగా మొదటినుండి పద్దు కెక్కుదురు. ముప్పదియేండ్ల సభ్యత్వము పాత వరుసలో నిలిచిపోవును. ఇట్టి సందర్భమున పోట్లాడి తలుపు తీయించుకొనువారు కొందరే. పెద్దవయసువారు తామే యేదో తప్పు మీట నొక్కితిమనుకొని ఊరకుందురు. మఱుసటి యేడు చందాయు రాదు.

దీనికి మందు క్రొత్తది కాదు. డేటాబేసులకు శాస్త్రీయమైన పునాది వేసిన ఎడ్గార్ కాడ్, ఐ.బి.ఎం.లో పనిచేయుచు 1970లో ప్రకటించిన వ్యాసమున ప్రతి వరుసను వేఱొకదానితో పొరపడకుండ గుర్తించు ప్రైమరీ కీని గూర్చి చెప్పెను. మన పాత రిజిస్టరులో మొదటి గడిలోని సభ్యత్వ సంఖ్య చేసిన పనియు అదియే. ఆ సంఖ్యను విడువరాదు. చందా కట్టుటకు సభ్యునికి పంపు లింకులోనే దానిని చేర్చిన, చెల్లింపు వార్త దానిని మోసికొనివచ్చును. వెబ్‌సైటులోని సభ్యుని ఖాతాలోను అదే సంఖ్య నుంచవలెను. ఈమెయిలు మారవచ్చును, ఫోను మారవచ్చును, సంఖ్య మారదు. అయినను లాగిన్ కొఱకు ఒక్కొక్కరికి వేర్వేఱు చిరునామా కావలయును గనుక, ఆ దంపతులకు ఎవరో యొకరు ఫోను చేసి రెండవ చిరునామా యడుగవలసియుండును. ఆ ఫోను యంత్రము చేయదు.

పద్దునకును వెబ్‌సైటునకును మాట తేడా వచ్చినచో ఎవరి మాట చెల్లవలెను? దీనిని నిర్ణయింపక రెండు వైపుల నుండియు కలిపినచో వింత జరుగును. పద్దులోని మార్పు వెబ్‌సైటును మార్చును. వెబ్‌సైటు మారినదని తిరిగి పద్దును మార్చును. పద్దు మారినదని మరల వెబ్‌సైటును. ఒకరి కొకరు ప్రతినమస్కారము చేయుచు వాకిలి విడువని బంధువుల వలె అవి రాత్రియంతయు సాగును. ఈ సేవలలో అడుగు అడుగునకు లెక్కగలదు గాన, తెల్లవారుసరికి నెల కోటా హరించును. చందా, గడువు తేదీల విషయమున పద్దుదే తుది మాట యనియు, చిరునామా, ఫోను విషయమున సభ్యుడు తన పుటలో వ్రాసినదే తుది మాట యనియు ముందే నిర్ణయించి, ఒక్కొక్క గడిని ఒక్క దిక్కునకే ప్రవహింపజేయుట మేలు.

చెల్లింపు సేవలు ఒకే వార్తను రెండుమార్లు పంపుటయు కలదు. మన వైపునుండి ప్రత్యుత్తరము సకాలమున అందనిచో, చేరలేదని తలచి అవి మరల పంపును. గడువునకు ఒక యేడు కలుపుము అని మాత్రమే మనము చెప్పియుంటిమా, రెండేండ్లు కలియును. ప్రతి చెల్లింపు గుర్తును పద్దులో వ్రాసికొని, అది ముందే యున్నచో ఊరకుండుమని ఆజ్ఞాపింపవలెను. వేగమునకును హద్దు కలదు. ఎయిర్‌టేబుల్ ఒక్కొక్క పద్దునకు సెకనుకు 5 విన్నపములే స్వీకరించును. 600 మంది వివరములను ఒక్కొక్కరికి ఒక వెదకుట, ఒక వ్రాత చొప్పున సవరించిన 1200 విన్నపములగును. నాలుగు నిమిషములకు తక్కువ పట్టదు. తొందరపెట్టినచో అది కొంతసేపు తలుపు మూసికొనును.

తాళపుచెవుల మాట. ఎయిర్‌టేబుల్ పూర్వపు తాళపుచెవి ఒక్కటి దొరికిన యజమాని పద్దులన్నియు తెఱచుకొనెడివి. 2024 ఫిబ్రవరి నుండి అవి చెల్లుట మానినవి. ఇప్పటి టోకెను ఫలానా పద్దునకు, ఫలానా పనికి అని పరిమితము చేయదగినది. దానిని వెబ్‌సైటు పుటలో దాచుట తగదు. బ్రౌజరులోనికి వచ్చినదేదియు రహస్యము కాదు. తెలిసినవాడు ఒక్క మీటతో పుట లోపలి వ్రాత చూడగలడు. అట్లే, సభ్యులు కానివారికి వ్యాసమును పంపి పైన తెర కప్పుట వేఱు, అసలు పంపకుండుట వేఱు. పాత పత్రిక దొంగిలింపబడిన కొంప మునుగదు గాని, 600 మంది ఫోను నంబర్ల విషయము వేఱు. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, సమ్మతి యిచ్చిన పనికే వివరములను వాడవలెననియు, సమ్మతి ఉపసంహరించుకొన్నపుడు తుడిచివేయవలెననియు చెప్పుచున్నది. వైదొలగిన సభ్యుని పేరు పద్దులో తుడిచి వెబ్‌సైటులో మఱచుట సరిపోదు.

ఇవన్నియు అమర్చిన పిదప కూడ నెలకొకమారు మూడు సంఖ్యలను ప్రక్కప్రక్కన వ్రాసి చూడవలెను: బ్యాంకు లెక్క ప్రకారము పండ్రెండు నెలలలో చందా కట్టినవారు, పద్దులో గడువు మిగిలియున్నవారు, వెబ్‌సైటు లోపలికి పోనిచ్చువారు. 412, 412, 409 అని వచ్చినదనుకొనుడు. ఆ ముగ్గురెవరో వెదకి, వారు అడుగక ముందే ఫోను చేసి పలుకరించుటకు ఒక అరగంట చాలును.