దెబ్బ తిన్నవాని హక్కు

(సంఘం వార్షిక సభలో చేసిన ఉపన్యాస పాఠం)



"మాస్టర్ సాబ్, మనోళ్లకు రోడ్ల మీద దెబ్బలు తగులుతున్నయి. పరిహారం ఎట్ల అడగాల్నో జర చెప్పండి" అని కార్యదర్శిగారు ఈ విషయం నాకు అప్పగించారు. నేను వకీలును కాను. చట్టంలో ఉన్నదీ, సుప్రీంకోర్టు చెప్పిందీ చదివి, బడిలో లెక్క చెప్పినట్లు మీ ముందు పెడుతున్నాను.

ముందుగా మన మనసులో ఉన్న అడ్డంకి సంగతి. కాలు విరిగినవాడిని చూడబోయినవారు "తక్దీర్ భాయీ, సబర్ చెయ్" అని వస్తారు. సబర్ చేయవలసిందే. కాని పరిహారం అడిగితే అది పాపిష్టి సొమ్ము అనే మాట మన దీన్‌లో లేదు. పొరపాటున ప్రాణం పోతే వారసులకు దియత్ చెల్లించాలని సూరె నిసా 92వ ఆయతులో ఆదేశం ఉంది. హదీసులో వచ్చిన లెక్కలో ప్రాణానికి నూరు ఒంటెలు, ఒక చేతికి యాభై, ఒక్కొక్క వేలికి పది. వేలికి సైతం కొలత చెప్పారంటే మనిషి శరీరానికి ఎంత విలువ ఇచ్చారో ఆలోచించండి. మాఫ్ చేసే హక్కు కూడా ఉంది, నిజమే. అయితే తనకు రావలసింది ఎంతో తెలిసినవాడే మాఫ్ చేయగలడు. తెలియనివాడు మోసపోతాడు, అంతే.

మన మర్రిగూడ పేరు దేశానికి తెలిసింది ఫ్లోరైడు నీళ్ల వల్ల. 2023 జనవరిలో కన్నుమూసిన శివన్నగూడ అంశాల స్వామిగారు తన వంగిన శరీరాన్నే సాక్ష్యంగా చూపి జీవితమంతా పోరాడారు. నీళ్లు ఎముకలను వంచితే, ఫలానావాడు చేశాడని ఎవరి మీద వేలు చూపాలి? రోడ్డు మీద దెబ్బ అట్లా కాదు. బండి ఉంది, నంబరు ఉంది, బీమా ఉంది, అడగటానికి కోర్టు ఉంది. అయినా మనం అడగటం లేదు.

1989 జూలై 1 నుంచి అమలులో ఉన్న 1988 మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద ట్రిబ్యునల్‌లో అర్జీ వేయాలి. మన జిల్లాకు అది నల్లగొండ జిల్లా కోర్టులోనే. ప్రమాదం హైదరాబాదులో జరిగినా, బొంబాయిలో జరిగినా, ఇక్కడ నివాసం ఉన్నవారు ఇక్కడే వేసుకోవచ్చు. ఒకప్పుడు గడువు లేదు. 2022 ఏప్రిల్ 1 నుంచి ఆరు నెలలు అని చట్టంలో మళ్లీ రాశారు. కనుక "కాలు నయమైనంక చూద్దాం" అనుకోకండి.

గుద్దిన బండి ఏదో తెలియకపోతే కూడా దారి ఉంది. ప్రాణం పోతే 2 లక్షలు, తీవ్ర గాయమైతే 50 వేలు ఇచ్చే పథకం ఉంది. దానికి రెవెన్యూ అధికారికి దరఖాస్తు పెట్టుకోవాలి. బండి తెలిసినప్పుడు, తప్పు ఎవరిదో రుజువు చేయకుండానే 164వ సెక్షన్ కింద ప్రాణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు వస్తాయి. అయితే ఆ సొమ్ము ఒప్పుకొని తీసుకుంటే 166 కింద వేసిన అర్జీ రద్దవుతుంది. కనుక లెక్క చూసుకున్న తర్వాతనే ఒప్పుకోవాలి.

ఆ లెక్క ఇట్లా ఉంటుంది. ఒక మేస్త్రీ అనుకోండి. వయసు 32, నెలకు సంపాదన 12,000. చెయ్యి దెబ్బతిని, సంపాదించే శక్తి నూటికి 40 వంతులు పోయిందని తేలింది. ఏడాది సంపాదన 1,44,000. అందులో 40 శాతం 57,600. ముప్ఫై ఒకటి నుంచి ముప్ఫై అయిదేళ్ల వారికి సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ కేసులో ఖాయం చేసిన గుణకం 16. హెచ్చిస్తే 9,21,600. వైద్యం ఖర్చు, మంచాన ఉన్న నెలల కూలి, పడ్డ బాధ, ఇవన్నీ వేరు. ఇప్పుడు చెప్పండి, హోటల్లో చాయ్ తాగించి, యాభై వేలు చేతిలో పెట్టి, "కేసు వద్దు భాయ్" అంటే ఆ మేస్త్రీ ఏం అమ్ముకున్నట్లు?

ఇందులో ఇంకొక సంగతి. డాక్టరు రాసే వైకల్యం శాతం ఒకటి, సంపాదనలో పోయిన శాతం ఒకటి. రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని విడదీసి చెప్పింది. ఎడమ చెయ్యి పోతే సర్కారు గుమాస్తా కొలువు నిలవవచ్చు. అదే డ్రైవరుకో, వడ్రంగికో దాదాపు నూటికి నూరు వంతులు పోయినట్లే. అందుచేత అర్జీలో మీరు చేసే పని ఏదో, ఆ పనికి ఆ అవయవం ఎట్లా కావాలో వివరంగా రాయించండి. కూలివానికి జీతం చీటీ ఉండదు. ఆ కారణంగా అతడు చెప్పిన న్యాయమైన ఆదాయాన్ని తోసిపుచ్చరాదని రామచంద్రప్ప కేసులో 2011లో తేలింది. ఇంటిపని చేసే ఆడవారి శ్రమకు కూడా ఆదాయం కట్టాలని 2021 జనవరిలో కీర్తి కేసులో మరల చెప్పారు. కాబట్టి "ఆమెకు సంపాదన ఏముంది" అని ఎవరూ అనకండి.

ఇక కాగితాలు. ఠాణాలో ఎఫ్.ఐ.ఆర్. అయ్యేట్లు చూడండి. దాని నకలు ఉచితంగా ఇవ్వాలి. దవాఖానాలో "ఇంట్లో జారి పడ్డాడు" అని పొరపాటున కూడా రాయించవద్దు. మందుల చీటీలు, ఎక్స్‌రేలు, బిల్లులు ఒక సంచిలో దాచండి. మన ప్రాంతంలో ఫ్లోరైడు వల్ల ఎముకలు ముందే దెబ్బతిన్నవారు ఉన్నారు. ఇది పాత జబ్బు అని బీమా కంపెనీ వాదించవచ్చు. పాతది ఏది, కొత్త దెబ్బ ఏది అని డాక్టరు చేత విడివిడిగా రాయించుకోండి.

ఉర్దూ చదివినవారికి ఒక మనవి. 2017లో ఉర్దూ తెలంగాణ అంతటికీ రెండవ అధికార భాష అయింది, సంతోషం. కాని ఠాణాలో వాంగ్మూలం రాసేది తెలుగులో, కింద మన దస్తఖత్ ఉర్దూలో. పైన ఏముందో చదివించుకోకుండా కలం పట్టకండి. "నా అజాగ్రత్త వల్లనే" అనే ఒక్క ముక్క ఆ కాగితంలో చేరితే లెక్క అంతా తారుమారవుతుంది.

కూలికి ట్రాక్టరు ట్రాలీల్లో పోయేవారికి ఒక హెచ్చరిక. 2018 ఏప్రిల్‌లో మన జిల్లా వద్దిపట్ల దగ్గర ట్రాక్టరు కాలువలో పడి తొమ్మిది మంది కూలి స్త్రీలు చనిపోయారు. సరుకుల బండిలో ఊరికే ఎక్కిన మనుషులకు బీమా కంపెనీ బాధ్యత లేదని 2002లోనే ఆశారాణి కేసులో తీర్పు ఉంది. అప్పుడు బండి యజమాని నుంచే రాబట్టుకోవాలి, అతని దగ్గర ఏమీ లేకపోతే తీర్పు కాగితమే మిగులుతుంది. పది రూపాయలు ఎక్కువైనా మనుషుల బండే ఎక్కండి.

వకీలు సంగతి. వచ్చిన సొమ్ములో వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం. స్త్రీలకు, పిల్లలకు, వికలాంగులకు, బీదవారికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలునిస్తుంది. 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు. ట్రిబ్యునల్ సాధారణంగా అసలుతో పాటు వడ్డీ కూడా కట్టిస్తుంది. ఆ వడ్డీని ఏం చేయాలో ముఫ్తీ సాహెబును అడగండి. దాని పేరు చెప్పి అసలును వదులుకోకండి.

చివరగా సంఘానికి నా సూచన. జనాజాకు మనం పరుగెత్తుకు వస్తాం, చందా వేస్తాం. దెబ్బ తిన్నవాని కోసం కూడా తెలుగు చదవగల ఇద్దరు యువకులను నియమించండి. మొదటి రోజే వారు ఠాణాకు, దవాఖానాకు వెంట పోవాలి. సంచి వారి దగ్గర ఉండాలి, ఆరు నెలల తేదీ వారి డైరీలో ఉండాలి. చందాతో ఒక ఇల్లు ఒక నెల గడుస్తుంది. హక్కుగా వచ్చిన పైసలతో పిల్లల చదువు ఆగకుండా ఉంటుంది. దెబ్బ తిన్న ఇంటి నుంచి బడి మానిపించే మొదటి పిల్ల ఆడపిల్లే అని ఉపాధ్యాయునిగా నాకు తెలుసు.

అల్లాహ్ మనందరినీ క్షేమంగా ఉంచుగాక. ఆమీన్. సెలవు.