మీ అకౌంట్ నిజంగా మీదేనా? మాస్టోడాన్, బ్లూస్కై, మన వీధి రాజకీయం

పోయిన ఎపిసోడ్ కింద చాలామంది ఒకటే ప్రశ్న అడిగారు. "అన్నా, డీసెంట్రలైజ్డ్ సోషల్ మీడియా అంటున్నారు, మాస్టోడాన్, బ్లూస్కై అంటున్నారు. అక్కడ మన పోస్టు ఎవ్వరూ తీసెయ్యలేరంట కదా? ఏ భయం లేకుండా రాజకీయాలు మాట్లాడొచ్చంట కదా?" అని.

సూటిగా చెప్పేస్తా. కాదు. అక్కడ కూడా తీసేస్తారు. కానీ మామూలు యాప్‌లలో దొరకనిది ఒకటి అక్కడ ఉంది. అదేంటో చెప్పాలంటే ముందు నా కథ చెప్పాలి.

2022 వర్షాకాలం. మా అమ్మానాన్న ఉండే వీధి చివర ఒక మురుగుకాల్వ ఉంది. పైన పలకలు లేవు. వాన పడితే రోడ్డేదో కాల్వేదో తెలీదు. ఒకరోజు స్కూల్ నుంచి వస్తున్న పిల్లాడు అందులో పడ్డాడు. పక్కనే ఇస్త్రీ బండి ఆయన ఉన్నాడు కాబట్టి సరిపోయింది, చెయ్యి పట్టుకుని లాగేశాడు. ఆ వారం నేను వర్క్ ఫ్రమ్ హోమ్, ఇంట్లోనే ఉన్నా. ఫోన్‌లో 40 సెకన్ల వీడియో తీసి పెట్టా. "పోయినేడాది కూడా ఇదే మాట చెప్పారు, పలకలు ఎప్పుడు వేస్తారు?" అని ఒక్క లైన్. పార్టీ పేరు లేదు, నాయకుడి పేరు లేదు.

సాయంత్రానికి ఒక పెద్ద అకౌంట్ దాన్ని కోట్ చేసి "పెయిడ్ బ్యాచ్ దిగింది" అని పెట్టింది. అవతలి పార్టీ వాళ్ళేమో అదే వీడియోకి వాళ్ళ నాయకుడి ఫొటో అతికించి తిప్పారు. ఇద్దరిలో ఒక్కరికీ కాల్వ అక్కర్లేదు. రాత్రికి వందల రిప్లైలు. కోతిపుండు బ్రహ్మరాక్షసి అయింది. మర్నాడు పొద్దున్నే అమ్మకి ఫోన్. "మీవాడికి కొంచెం చెప్పండమ్మా, ఉద్యోగం చేసుకునే కుర్రాడు, ఎందుకీ గొడవలు?" అని. బెదిరింపు కాదంట, మంచి చెప్తున్నారంట. అమ్మ ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అదే ఇంకా బాధ.

మూడో రోజు నా అకౌంట్ లాక్. మాస్ రిపోర్ట్ కొట్టారు. అప్పీల్ పెడితే ఆటోమేటిక్ మెయిల్ ఒకటి వచ్చింది, అంతే. బీటెక్ సెకండియర్‌లో తెరిచిన అకౌంట్. 6 ఏళ్ళ పోస్టులు, ఫ్రెండ్స్, అన్నీ పోయాయి. అప్పుడు అర్థమైంది. 6 ఏళ్ళు అద్దింట్లో ఉంటూ సొంతిల్లు అనుకున్నా నేను. అగ్రిమెంట్ కూడా ఎప్పుడూ చదవలేదు.

ఇది నా ఒక్కడికే జరిగింది కాదు. 2019 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు సీనియర్ లాయర్ సంజయ్ హెగ్డే అకౌంట్‌ని ట్విట్టర్ సస్పెండ్ చేసింది. కారణం ఒక పాత ఫొటో. 1936, హాంబర్గ్ ఓడల కార్ఖానా. గుంపంతా నాజీ సెల్యూట్ కొడుతుంటే ఒక్క మనిషి చేతులు కట్టుకుని నిలబడి ఉంటాడు. నాజీలను కాదన్న మనిషి ఫొటో అది. అయినా సస్పెన్షన్ పడింది. దాని మీద కోపంతోనే ఆ నవంబర్‌లో మన దేశం నుంచి చాలామంది మాస్టోడాన్‌కి వెళ్ళారు. అప్పుడే ఆ పేరు మనవాళ్ళకి మొదటిసారి గట్టిగా వినపడింది.

సో, మాస్టోడాన్ అంటే ఏంటి? 2016లో జర్మనీలో యూజెన్ రోచ్కో అనే కుర్రాడు మొదలుపెట్టాడు. దాన్ని ఒకే యాప్, ఒకే కంపెనీ అనుకోకండి. వేల సర్వర్లు ఉంటాయి, ఒక్కో సర్వర్‌కి ఒక్కో ఓనర్. మీరు జీమెయిల్‌లో ఉండి యాహూ వాళ్ళకి మెయిల్ పంపుతారు కదా, ఇదీ అంతే. ఈ సర్వర్ వాళ్ళు ఆ సర్వర్ వాళ్ళని ఫాలో అవ్వొచ్చు. సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఆ పద్ధతి పేరు యాక్టివిటీపబ్. వెబ్ ప్రమాణాలు చూసుకునే డబ్ల్యూ త్రీ సీ 2018లో దాన్ని అధికారికంగా ఆమోదించింది.

ఇప్పుడు అసలు విషయం. మొబైల్ నంబర్ పోర్టబిలిటీ గుర్తుందా? 2011 జనవరిలో దేశమంతా వచ్చింది. అంతకు ముందు సిగ్నల్ రాకపోయినా, డబ్బులు ఊరికే కట్ అయినా భరించేవాళ్ళం. ఎందుకు? నంబర్ పోతుందని. పోర్ట్ వచ్చాక కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి "పోర్ట్ అయిపోతా" అంటే చాలు, అవతల గొంతులో మర్యాద వచ్చేసింది. కంపెనీలు మంచివైపోలేదు. మన చేతికి వెళ్ళిపోయే దారి దొరికింది, అంతే.

డీసెంట్రలైజ్డ్‌లో విలువైంది అదే. పోస్టు ఎప్పటికీ పోదని గ్యారంటీ ఎవ్వరూ ఇవ్వరు. ఓనర్ నచ్చకపోతే మన మనుషుల్ని వెంటబెట్టుకుని ఇంకో చోటికి వెళ్ళిపోయే హక్కు ఉంటుంది.

మన కూ యాప్ చూడండి. 2020లో వచ్చింది. దేశీ, తెలుగులో కూడా ఉంది, మంత్రులు కూడా చేరారు. 2024 జులైలో మూసేస్తున్నాం అన్నారు. అక్కడ సంపాదించుకున్న ఫాలోవర్లని పోర్ట్ చేసుకుని వెళ్ళే దారి లేదు. స్వదేశీ అయినంత మాత్రాన మనది అయిపోదు.

అయితే ఈ పోర్ట్ కూడా పూర్తిగా పోర్ట్ కాదు. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నా. 2022 నవంబర్‌లో, మస్క్ ట్విట్టర్ కొన్న కొత్తలో, అందరితో పాటు నేనూ ఒక చిన్న మాస్టోడాన్ సర్వర్‌లో చేరా. ఏడాది తిరిగాక దాని ఓనర్ పోస్టు పెట్టాడు. "ఖర్చులు భరించలేకపోతున్నా, నెల రోజుల్లో మూసేస్తా." పాపం, సొంత జేబులోంచి నడిపాడు. నేను వేరే సర్వర్‌కి మారితే ఫాలోవర్లు నాతో వచ్చారు. పాత పోస్టులు రాలేదు. డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, కొత్త సర్వర్‌లో మళ్ళీ ఎక్కించలేం. హ్యాండిల్ కూడా మారింది. అదే ఆయన చెప్పకుండా ఆపేసి ఉంటే ఫాలోవర్లు కూడా పోయేవాళ్ళు.

బ్లూస్కైలో ఈ హ్యాండిల్ గొడవ తక్కువ. సొంత డొమైన్ కొనుక్కుంటే అదే మీ హ్యాండిల్. సర్వర్ మారినా పేరు మారదు. కాకపోతే ఇవాళ్టికి అక్కడ ఎక్కువ అకౌంట్లు ఆ కంపెనీ సర్వర్లలోనే ఉన్నాయి. దారి ఉంది, నడిచేవాళ్ళు తక్కువ.

ఇక రాజకీయం సంగతికి వద్దాం. మనం ఎలా కొట్టుకుంటామో చాలావరకు బటన్లు డిసైడ్ చేస్తాయి. ఇంజనీర్‌గా నేను గట్టిగా నమ్మే మాట ఇది. నా వీడియో విషయంలో నిప్పు పెట్టింది కోట్ బటన్. నాతో మాట్లాడకుండా, నన్ను తన జనానికి చూపించి తిట్టించే బటన్ అది. మాస్టోడాన్ ఏళ్ళ తరబడి ఆ బటన్ పెట్టలేదు. గొడవలు పెంచుతుందనే. 2025లో పెట్టింది, కానీ తాళం మన చేతికిచ్చింది. నా పోస్టుని ఎవరు కోట్ చెయ్యొచ్చో నేనే చెప్పొచ్చు, చేశాక కూడా వెనక్కి తీసుకోవచ్చు. బ్లూస్కైలో కూడా అంతే, ఎవరో కోట్ చేసిన దాంట్లోంచి నా పోస్టుని విడదీసుకోవచ్చు. ఆ రోజు నాకు ఈ ఒక్క బటన్ ఉండి ఉంటే అమ్మకి ఆ ఫోన్ వచ్చేది కాదేమో.

ఇంకోటి కంటెంట్ వార్నింగ్. పోస్టు మీద మూత లాంటిది. పైన టాపిక్ పేరు ఉంటుంది, నొక్కితే లోపలిది కనిపిస్తుంది. మాస్టోడాన్‌లో అమెరికా రాజకీయాలకి ఇలా మూత పెట్టడం చాలామందికి అలవాటు. వినడానికి బాగుంది. కానీ 2022లో కొత్తగా వచ్చిన నల్లజాతి యూజర్లు కొందరు గట్టిగా అడిగారు. "మా మీద జరిగే వివక్ష గురించి రాసుకుంటే దానికీ మూత పెట్టమంటారేంటి?" అని. కరెక్ట్ కదా? మీకు రాజకీయం అనిపించేది ఇంకొకరికి రోజూ ఉండే బతుకు. మా వీధి కాల్వ కూడా అంతే. దాని మీద పలక వెయ్యమంటే మాట మీద మూత వేసుకోమంటే ఎలా?

మరి ఎవరు ఎవర్ని ఆపుతారు? 2019లో గ్యాబ్ అనే అమెరికా సైట్, జాతి విద్వేషానికి పేరుపడ్డది, మాస్టోడాన్ కోడ్ తీసుకుని సర్వర్ పెట్టేసింది. కోడ్ ఓపెన్ సోర్స్, వాడొద్దనలేరు. కానీ చాలా సర్వర్లు దాన్ని బ్లాక్ చేశాయి. మీ ఇంట్లో మీరు ఏమైనా మాట్లాడుకోండి, మా గుమ్మం తొక్కొద్దు అన్నట్టు. కేంద్రం నుంచి ఎవరో ఆర్డర్ వేస్తే జరిగింది కాదిది, ఎవరి గుమ్మం దగ్గర వాళ్ళు తీసుకున్న నిర్ణయం.

ప్రభుత్వాల సంగతీ అంతే, కొంచెం తేడా. 2025 ఏప్రిల్‌లో టర్కీ ప్రభుత్వం అడిగితే బ్లూస్కై కొన్ని అకౌంట్లు ఆ దేశంలో కనపడకుండా తెర వేసింది. కానీ అదే నెట్‌వర్క్ వాడే కొన్ని వేరే యాప్‌లు ఆ తెర పెట్టుకోలేదు. వాటిలో కనపడ్డాయి. చూశారా, తీసెయ్యలేరు అనేదీ నిజం కాదు, పూర్తిగా తీసెయ్యగలరు అనేదీ నిజం కాదు.

ఇప్పుడు జాగ్రత్తలు. ఒకటి, యాప్ మారితే చట్టం మారదు. 66ఏ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015లో కొట్టేసింది, నిజమే. మిగతా సెక్షన్లు ఉన్నాయి, మాస్టోడాన్‌లో రాసినా వర్తిస్తాయి. రెండు, మాస్టోడాన్‌లో ప్రైవేట్ మెసేజ్‌కి ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ లేదు. సర్వర్ ఓనర్ తలుచుకుంటే చదవగలడు. అక్కడ రహస్యాలు రాయకండి. మూడు, నెలకోసారైనా మీ పోస్టుల కాపీ డౌన్‌లోడ్ చేసుకోండి. ఏ యాప్ అయినా సరే, ఇవాళే చెయ్యండి. నాలుగు, సర్వర్ ఎంచుకునేటప్పుడు ఓనర్ ఎవరు, రూల్స్ ఏంటి, ఖర్చు ఎవరు పెడుతున్నారు, ఈ మూడూ చూడండి. అద్దిల్లు తీసుకునేటప్పుడు నీళ్ళ గురించి అడగమా?

ఇంకో చేదు నిజం. అక్కడ మనవాళ్ళు తక్కువ. 2019లో వెళ్ళినవాళ్ళలో చాలామంది వెనక్కి వచ్చేశారు. మున్సిపల్ కమిషనర్, కార్పొరేటర్, న్యూస్ ఛానెళ్ళు, అందరూ పాత చోటే ఉన్నారు. వినాల్సినవాళ్ళు లేని చోట అరిచి లాభమేంటి?

నేను కూడా అదే అనుకున్నా. మాస్టోడాన్‌లో కాల్వ వీడియో మళ్ళీ పెడితే వచ్చినవి నాలుగే నాలుగు రిప్లైలు. కానీ వాటిలో ఒకటి ఎవరో సివిల్ ఇంజనీర్‌ది. "ఎప్పుడు వేస్తారు అని అడిగితే వేస్తాం అంటారు. సమాచార హక్కు కింద ఆ పనికి ఎస్టిమేట్ ఎంత, టెండర్ ఎవరికిచ్చారు, ఎంత బిల్లు చెల్లించారు అని అడుగు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి" అన్నాడు. వందల రిప్లైల్లో ఒక్కరూ ఈ మాట చెప్పలేదు. దరఖాస్తు పెట్టా. వచ్చిన కాగితాన్ని పెద్ద ప్లాట్‌ఫామ్‌లో కొత్త అకౌంట్ తెరిచి పెట్టా. ఈసారి తిట్టడానికి ఎవరికీ పెద్దగా ఏమీ దొరకలేదు, కాగితంలో ఉన్నవి అంకెలే కాబట్టి. పలకలు సగం వీధి వరకు పడ్డాయి. మిగతా సగానికి మళ్ళీ దరఖాస్తు పెట్టా.

అందుకే నేను రెండూ వాడతా. చిన్న చోట ఆలోచిస్తా, అడుగుతా, తప్పైతే దిద్దుకుంటా. పెద్ద చోట వినాల్సినవాళ్ళకి వినపడేలా పెడతా. రెండిట్లో ఏదీ సొంతిల్లు కాదని మాత్రం మర్చిపోను. సామాను ఎప్పుడూ సర్దిపెట్టే ఉంటుంది.

అమ్మ ఇప్పటికీ రాత్రి ఫోన్‌లో అడుగుతుంది, "ఇవాళ ఏం పెట్టావురా?" అని. ఇంతకు ముందు అందులో భయం ఉండేది. మొన్న మాత్రం ఇంకో మాట కలిపింది. "ఆ రెండో సగం సంగతి కూడా పెట్టు."

మీ వీధిలో ఏముందో కింద రాయండి. పార్టీల గురించి కాదు, కాల్వల గురించి. వచ్చే ఎపిసోడ్‌లో సమాచార హక్కు దరఖాస్తు ఎలా రాయాలో చూద్దాం. ఉంటా మరి, బై.