మన ఇంగ్లీషు వ్రాతలో తెలుగు పోకడలు

శ్రీకాకుళం ప్రాంతపు రైతుబిడ్డ ఒకడు బ్యాంకు అధికారికి ఇంగ్లీషులో ఉత్తరం వ్రాసినాడనుకుందాము. అప్పు అన్నగారిది. ఇంట ఇంగ్లీషు వచ్చినవాడు తమ్ముడు. "మై బ్రదర్ టోల్డ్ దట్ ఐ విల్ పే ది మనీ" అని అతడు వ్రాసినాడు. అతని మనస్సులోని తెలుగు వాక్యం నిర్దుష్టమైనది: "డబ్బు నేనే కడతానని మా అన్నయ్య చెప్పినాడు." ఇందులోని "నేను" అన్నగారేనని మనకు వేరే చెప్పనక్కరలేదు. కాని ఇంగ్లీషు వాక్యంలోని "ఐ" ఉత్తరం వ్రాసినవాడే అవుతాడు. పాపం, తమ్ముడు తెలియకుండానే అన్నగారి అప్పును తన నెత్తిన వేసుకొన్నాడు!

ఇక్కడ చిక్కు అంతా "అని" అనే రెండక్షరాల మాటలో ఉన్నది. ఒకరు పలికిన పలుకును ఉన్నదున్నట్లుగా నిలిపి, చివర "అని" చేర్చితే తెలుగులో పని ముగుస్తుంది. ఇంగ్లీషులో "దట్" ముందు రావలె. తరువాత "ఐ" కాస్తా "హీ" కావలె. క్రియ కాలము కూడ సందర్భాన్నిబట్టి వెనుకకు జరుగవలె. "మై బ్రదర్ సెడ్ దట్ హీ వుడ్ పే ది మనీ" అనవలసి ఉన్నది. "టోల్డ్" అనే మాటే కావలెనంటే ఎవరితో చెప్పినాడో కూడ చెప్పక తప్పదు.

ఇటువంటి తప్పును చూడగానే "వీనికి ఇంగ్లీషు రాదు" అని ఎర్ర సిరాతో కొట్టివేయడం సులభం. వానికి తెలుగు బాగుగా వచ్చుననడానికి కూడ ఆ తప్పే సాక్ష్యమని నా అభిప్రాయం. "ఐదేళ్ళనుండి ఇక్కడ పని చేస్తున్నాను" అన్నప్పుడు మనకు వర్తమానకాలమే చాలును. అందుచేతనే దరఖాస్తులలో "ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్" అని వ్రాస్తాము. గతంలో మొదలై నేటికీ సాగుతున్న పనికి ఇంగ్లీషువారు వేరొక రూపం పెట్టుకొన్నారు: "ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్." కాలపరిమితికి "ఫర్", ఆరంభమైన సంవత్సరానికి "సిన్స్". మన "నుండి" ఈ రెండు పనులనూ ఒక్కతే చేస్తుంది.

అన్నిటికంటె మొండిది "ఎ", "ది" అనే ఉపపదాల సమస్య. తెలుగులో అవి లేవు కనుక మనకు తోచవని సాధారణంగా చెబుతారు. ఇది సగము సత్యం. "రాముడు పుస్తకం కొన్నాడు" అన్నప్పుడు అది ఏదో ఒక పుస్తకం. "పుస్తకాన్ని తమ్మునికి ఇచ్చినాడు" అన్నప్పుడు అది మనకు తెలిసిన పుస్తకమే. ఇంగ్లీషువాడు "ది" చేత చూపే తేడాను ఇక్కడ మనము "ని" అనే విభక్తిచేత చూపుతున్నాము. ఈ సంగతి పిల్లవానికి ఒక్కమారు చూపించి, ఆ తరువాత ఇంగ్లీషు వాక్యాలు వ్రాయించే ఉపాధ్యాయుడు సగం శ్రమ తప్పించుకుంటాడు.

"టుడే మార్నింగ్", "డిస్కస్ అబౌట్", "స్మాల్ స్మాల్ విలేజెస్" మొదలైనవి చిన్న విషయాలు. ఒకమారు చెప్పించుకొన్నవాడు దిద్దుకోగలడు. "ఐ యామ్ హావింగ్ టూ సన్స్" అనే వాక్యం మాత్రం తెలుగుతల్లి తప్పు కాదని నా ఊహ. "నాకు ఇద్దరు కొడుకులున్నారు" అని గదా మనమనేది! "హావ్" అనగా "కలిగియుండుట" అని వల్లె వేయించిన బడి తెలుగే దీనికి మూలమై ఉండవచ్చును.

వల్లె వేయించే ఇంగ్లీషును గురించి విజయనగరంవారికి వేరే చెప్పవలెనా? గురజాడవారి కన్యాశుల్కం మొదటి ప్రతి 1897లోను, మార్చి వ్రాసిన ప్రతి 1909లోను వెలువడినవి. అందులో గిరీశమూ వెంకటేశమూ ఇంగ్లీషులో సంభాషిస్తూ ఉంటే తల్లి మురిసిపోతుంది. ఆ సంభాషణ అంతా పాఠ్యపుస్తకాల ముక్కలు, రేఖాగణితపు తునకలు. అక్కడ వ్యాకరణం చెడలేదు, అర్థమే లేదు. మన రైతుబిడ్డ వ్రాసిన తప్పుల ఉత్తరంలో ఒక మనిషి చెప్పదలచిన మాట ఉన్నది. నేనైతే ఆ ఉత్తరానికే ఎక్కువ మార్కులు వేస్తాను.

పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైన గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష నేర్వదలచి, ఆ భాషా తెలుగూ రెండూ వచ్చిన వ్యక్తిని తమ ఇంటనే ఉంచుకొన్నారు. విని, పోల్చి, వ్రాసుకొన్నారు. 1931లో సవర వ్యాకరణాన్ని, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును వెలువరించినారు. తెలుగు నేర్వవచ్చిన దొరలకు కూడ ఆర్డెన్ వంటివారు 1873లోనే ఇంగ్లీషులో తెలుగు వ్యాకరణం సమకూర్చి ఇచ్చినారు. రెండు భాషలను ప్రక్కప్రక్కన పెట్టి చూపే ఆ సదుపాయం మన బడిపిల్లవానికి ఇంగ్లీషు తరగతిలో దొరికితే ఎంత బాగుండును!

తప్పులన్నీ దిద్దవలసినవేనా అని మీరడుగవచ్చును. "కజిన్ బ్రదర్" అనే మాటను తీసుకొనండి. ఇంగ్లీషులో "కజిన్" చాలును, "బ్రదర్" అనవసరం. కాని పెదనాన్న కుమారుడు మనకు అన్న; మేనమామ కుమారుడు బావ. మన ఇండ్లలో ఒకనితో పెండ్లి మాట ఎత్తనే రాదు, రెండవవానితో ఎత్తవచ్చును. ఆ భేదం ఒక్క "కజిన్"లో కలిసిపోతుంటే మనవాడు ఊరుకోలేక "బ్రదర్" అనే తోక తగిలించినాడు. పరీక్షలో దానిని కొట్టివేయించండి, తప్పదు. పెండ్లి సంబంధం ఉత్తరంలో మాత్రం ఆ తోక తీసివేసే ముందు, ఆ అబ్బాయి పెదనాన్న కొడుకో మేనమామ కొడుకో మరొక వాక్యంలో వివరంగా వ్రాయించండి.