పై బాణం మీట



"నెలాఖరు రాత్రుళ్లు ఆ కంప్యూటర్ గదిలో ఏం చేస్తారండీ?" అని ఇంట్లో అడిగే ప్రశ్నకు ఈ సాయంత్రం నన్ను జవాబు చెప్పమన్నారు. నేను చదివింది ఎంబీఏ. ఐటీ విభాగంలో వేశాక పని నేర్చుకున్నవాణ్ణి. నాకు జరిగిందే చెబుతాను.

డేటాబేస్‌తో పని చాలావరకు టైపు చేసే పనే. ఒక వరుస రాసి ఎంటర్ నొక్కితే జవాబు వస్తుంది. నా సీట్లో విండోస్ కంప్యూటర్, అందులో ఒరాకిల్ వారి ఎస్‌క్యూఎల్ ప్లస్ ఉండేవి. అక్షరం తప్పితే పై బాణం మీట నొక్కేవాణ్ణి. పాత వరుస తిరిగొచ్చేది. దిద్ది మళ్లీ పంపేవాణ్ణి.

ఒకరోజు లినక్స్ సర్వర్ ముందు కూర్చున్నాను. అదే ఎస్‌క్యూఎల్ ప్లస్, అదే మీట. పాత వరుస రాలేదు సరికదా, ఒక టోపీ గుర్తు, రెండు చదరపు బ్రాకెట్లు, ఇంగ్లీషు 'ఏ' పడ్డాయి. కీబోర్డు పాడైందని, మార్చమన్నాను. పక్కనున్న కుర్రాడు నవ్వాపుకుని, "కీబోర్డు బాగానే ఉంది సార్" అన్నాడు.

అతను చెప్పింది ఇది. పై బాణం ఒక సంకేతం మాత్రమే. 1978 నాటి వీటీ100 టెర్మినళ్లు పంపిన సంకేతమే ఇప్పటికీ నడుస్తోంది. దాన్ని అర్థం చేసుకుని పాత వరుస అందించేవారు ఒకరుండాలి. విండోస్‌లో ఆ పని కమాండ్ విండోయే చేసిపెడుతుంది. లినక్స్‌లో ప్రోగ్రామే చూసుకోవాలి. పోస్ట్‌గ్రెస్ వారి పీఎస్‌క్యూఎల్ సాధారణంగా రీడ్‌లైన్ అనే లైబ్రరీ సాయం తీసుకుంటుంది. ఎస్‌క్యూఎల్ ప్లస్ తీసుకోదు. అందులో 'చేంజ్' అనే ఆదేశంతో పాత మాట, కొత్త మాట చెప్పి దిద్దుకోవాలి. ఆ కుర్రాడు ఆర్‌ఎల్‌వ్రాప్ అనే చిన్న ప్రోగ్రామును దానికి ముందు తగిలించాడు. రీడ్‌లైన్ సౌకర్యం దీనికీ వచ్చింది. బాణం పనిచేసింది.

అసలు కథ ఆ తర్వాతే. ఆర్‌ఎల్‌వ్రాప్ నిన్నటి వరుసలను కూడా దాచి ఉంచుతుంది. ఒక రాత్రి టెస్ట్ డేటాబేస్‌లో ఒక లెక్క చూడబోయి బాణం ఒకసారి ఎక్కువ నొక్కాను. వచ్చింది నిన్నటి అప్‌డేట్ ఆదేశం. చదవకుండానే ఎంటర్ కొట్టాను. ఇన్ని వరుసలు మారాయని తెర మీద కనబడగానే చేతులు చల్లబడ్డాయి. అదృష్టవశాత్తూ ఎస్‌క్యూఎల్ ప్లస్ తనంతట తాను ప్రతి మార్పునూ ఖరారు చేయదు. 'రోల్‌బ్యాక్' అన్నాను, మార్పు వెనక్కి పోయింది. పీఎస్‌క్యూఎల్‌లోనో మైఎస్‌క్యూఎల్‌లోనో అయితే, మనం ముందుగా జాగ్రత్తపడకపోతే, ఆదేశం అయిన మరుక్షణమే మార్పు ఖరారవుతుంది.

ఆ రాత్రి నుంచి మా జట్టులో ఒక పద్ధతి పెట్టుకున్నాం. బాణంతో తెచ్చిన వరుసను పైకి చదివాకే ఎంటర్. వెనకటి క్యాషియర్లు అంకె పైకి చదివి నోట్లిచ్చేవారే, అలాగన్నమాట.

ఫోన్‌లో డబ్బు పంపేటప్పుడు కూడా పాత పేర్లు వాటంతటవే వరుసలో వస్తాయి. పిన్ కొట్టేముందు మీరూ ఆ పేరు ఒకసారి చదవండి. అక్కడ రోల్‌బ్యాక్ మీట లేదు.