తీరభూమిలో వసంతాహారము

ఉగాదినాడు వేపపువ్వు నోటబెట్టుకొని మొగము చిట్లింపని పిల్లవాడు మన యిండ్లలో అరుదు. క్రొత్తబెల్లము, క్రొత్తచింతపండు, మామిడిపిందెలు ఎన్ని చేరినను, పెద్దలు ఆ పచ్చడిలో చేదును మాత్రము విడిచిపెట్టలేదు. వసంతమున చేదు, కారము, వగరు హెచ్చుగా గ్రహింపవలెననియు, తీపి పులుపులు తగ్గింపవలెననియు ఆయుర్వేదము చెప్పుచున్నది. ఆ లెక్కను పచ్చడిలో సగము విరుద్ధమే. కాని పచ్చడి ఒక్క ఉదయపు ముచ్చట. మేము ప్రస్తావింపదలచినది అటుపిమ్మట నెలల తరబడి సాగు భోజనమును గూర్చి.

శీతకాలమున దేహమునందు పేరుకొన్న కఫము వసంతసూర్యుని వేడిమికి కరగి జఠరాగ్నిని మందగింపజేయునని వాగ్భటుడు అష్టాంగహృదయమున వ్రాసినాడు. పడిశము, దగ్గు, అరుచి, ఒడలి బరువు అందలి ఫలములు. కావున పాత యవలు, పాత గోధుమలు, తేనె, శొంఠి వేసి కాచిన నీరు, తుంగముస్తలు వేసి కాచిన నీరు హితములు. బరువైన వంటకములు, చల్లని పదార్థములు, నేయి నూనెలు హెచ్చుగా గలవి, పగటినిద్ర కూడవు. కఫమను మాట నేటి ప్రయోగశాలలోని పరికరములకు అందునది కాదు. ఆకలి మందగించినపుడు తేలికగా తినుమనుటకు మాత్రము పరికరములతో పనిలేదు.

ఇంతవరకు చిక్కు లేదు. అయితే, ఈ వసంతము ఏ దేశపు వసంతము? కృష్ణా గోదావరీ ముఖభూములలో నివసించువారు యవలను పండింపరు. అంతకంటె ముఖ్యమైనది, మన పంచాంగమున చైత్ర వైశాఖములు రెండును వసంతమే. వైశాఖమాసమున మచిలీపట్టణమందో కాకినాడయందో మధ్యాహ్నము వీధిలోనికి వచ్చి నిలుచున్నవానితో ఇది వసంతర్తువని చెప్పినచో నవ్విపోవును. చెమట కారునే కాని ఆరదు. గాలిలోని తేమ దానిని ఆరనీయదు. అట్టివానికి వసంతచర్య పేరిట తీక్ష్ణములు, రూక్షములు నగు పదార్థములు పెట్టుట ఎట్లు?

ఈ సందేహమునకు సమాధానము శాస్త్రములోనే యున్నది. మనము పుట త్రిప్పి చూడకపోవుటయే లోపము. సుశ్రుతసంహితలో ఋతువిభాగము రెండు విధములుగా ఉన్నది. మొదటిది పంచాంగమునకు సరిపోవును. రెండవదానిలో శిశిరము లేదు. వర్షర్తువునకు ముందు ప్రావృట్టని మరియొక ఋతువు చేరినది. ఆ లెక్కలో ఫాల్గుణ చైత్రములు వసంతము, వైశాఖ జ్యేష్ఠములు గ్రీష్మము. గంగకు దక్షిణమున వానలు హెచ్చు గనుక ఈ విభాగము ఇచ్చటివారికని వ్యాఖ్యాతలు వివరించిరి. మన తీరమునకు ఇదియే తగినదని మా అభిప్రాయము.

కాలము తరువాత దేశము. నదులు, సముద్రతీరము, కొబ్బరితోటలు, అరటితోటలు గల భూమిని చరకుడు ఆనూపదేశమనెను. చదువుచున్నప్పుడు కోనసీమ కన్నులకు కట్టును. ఇట్టి భూమిలో వాతకఫములు సహజముగనే అధికములు. కనుక ఫాల్గుణ చైత్రములలో మనవారు మెట్టప్రాంతమువారికంటె ఎక్కువ జాగ్రత్త వహింపవలెను.

ఆ జాగ్రత్తకు దూరదేశపు ధాన్యము తెప్పించుకొనవలసిన పనిలేదు. శాస్త్రము కోరినది పాతధాన్యము. సంక్రాంతికి ఇల్లు చేరిన క్రొత్తబియ్యము మెత్తగా, కమ్మగా ఉండును, అరుగుదలకు బరువు. పూర్వము గాదెలలో ఏడాది నిలువయుంచిన ధాన్యమును దంచుకొని తినుటలోని మర్మమిదియే. నేడు గాదెలు లేవు, కొట్టువానిని పాతబియ్యమని అడిగి తెచ్చుకొనవచ్చును. దానికి తోడు పెసరకట్టు, కాకరకాయ, మునగకాయ, లేతవంకాయ, మెంతిపొడి, మిరియాల చారు. వేపపువ్వును నేతిలో ఒక్క చుక్క తగిలించి వేయించి, మొదటి ముద్దలో కలుపుకొనుట మన యిండ్లలోని పాత అలవాటు. ఆకలి పుట్టించుటలో దానికి సాటి లేదు. మినుములతో చేసిన గారెలు, పాయసములు పండుగనాటికి పరిమితము కావలెను. గడ్డపెరుగు మనవారికి ప్రాణము; కాని శరత్తునను, గ్రీష్మమునను, వసంతమునను పెరుగు సాధారణముగా నింద్యమని చరకుడు వ్రాసియున్నాడు. ఈ మాట ఇంటిలో చెప్పుటకు మాకే ధైర్యము చాలకున్నది.

వైశాఖము ప్రవేశించినంతనే పద్ధతి తిరుగబడవలెను. గ్రీష్మమున తీయనివి, చల్లనివి, ద్రవములు హితములు. కారము, పులుపు, ఎండ, అధికశ్రమ అహితములు. వసంతమున దోషమైన పగటినిద్ర గ్రీష్మమున ఒప్పుకొనబడినది. ఒకే మంచము, ఒకే మధ్యాహ్నము; నెల మారినంతనే తీర్పు మారినది! పంచాంగములోని పేరును బట్టి వైశాఖమున గూడ తేనెనీరు త్రాగి, ఉపవాసములుండి, ఎండలో వ్యాయామము చేయువారు శాస్త్రమును పాటించుట లేదు, దాని పేరును పాటించుచున్నారు. 2015 మే మాసపు వడగాడ్పులలో ఆంధ్ర తెలంగాణములలో వేయిమందికి పైగా మరణించిరి. పొలములోను, రహదారిపైనను పనిచేయువారికి, వృద్ధులకు ఈ తేడా మాటల తేడా కాదు.

మజ్జిగ విషయమున ఒక చిక్కు కలదు. ఉష్ణకాలమున తక్రము ఈయరాదని సుశ్రుతుడు నిషేధించెను. మనమో ఎండనబడి వచ్చిన అతిథికి ముందుగా అందించునది మజ్జిగయే. సుశ్రుతుని తక్రము పెరుగునకు సగము నీరు చేర్చి చిలికినది. మనము దాహమునకిచ్చునది పెరుగునకు అనేకరెట్లు నీరు పోసి, ఉప్పు వేసి, కరివేపాకు నలిపి వేసినది. రెంటికిని పేరొక్కటేగాని పానీయములు వేరు. పుల్లనిదానిని మానుకొని, పలుచని తియ్యమజ్జిగను నిర్భయముగా త్రాగవచ్చునని మేము తలచుచున్నాము. చెమటతో ఉప్పును కోల్పోవు శ్రామికునకు ఉప్పు వేసిన గంజియు మేలైనదే.

వసంతమున విధించిన వమనాది చికిత్సలు వైద్యుని యెదుట జరుగవలసినవి. పుస్తకము చూచి యింటిలో చేసికొనరాదు. మధుమేహము గలవారు తేనె విషయమునను, మూత్రపిండముల వ్యాధియో రక్తపు పోటో గలవారు ఉప్పు విషయమునను తమ వైద్యుని మాటయే వినవలెను.

మార్పు ఒక్కనాట జరుగరాదు. గడచు ఋతువున కడపటి యేడు దినములు, వచ్చు ఋతువున మొదటి యేడు దినములు ఋతుసంధి యని వాగ్భటుడు పేర్కొనెను. ఆ పదునాలుగు దినములలో పాత అలవాటును కొంచెము కొంచెముగా విడుచుచు, క్రొత్తదానిని కొంచెము కొంచెముగా చేర్చుకొనవలెను. మన లెక్కను అది చైత్రము చివరివారము, వైశాఖము మొదటివారము. మిరియాల చారు దినము విడిచి దినమగును, పెసరకట్టు నిలిచియుండును, దోసకాయ, సొరకాయ, బీరకాయ వంటయింట ప్రవేశించును. చైత్రమున చెట్టు క్రింద గుడ్డపరచి ఏరుకొన్న వేపపువ్వును ఎండబెట్టి డబ్బాలో పోసియుంచిన యిల్లాండ్రకు, నోరు చవిచెడిన వానకాలపు సాయంత్రములలో అది మరల పనికివచ్చును.