పిల్లల నడకకు తగిన ప్రయాణము

(వాక్య భాగము: ఆదికాండము 33వ అధ్యాయము, 12 నుండి 17 వచనములు)



వేసవి సెలవులు వచ్చాయంటే మన బుచ్చయ్యపేట, చోడవరం ప్రాంతాల్లో ఎన్నో కుటుంబాలు కారో జీపో మాట్లాడుకొని బయలుదేరతాయి. వడ్డాది, మాడుగుల మీదుగా ఘాట్ ఎక్కి పాడేరు, అక్కడినుండి అరకు, బొర్రా గుహలు. అన్నీ ఒక్కరోజులో చూసి రాత్రికి ఇల్లు చేరాలని ఆత్రం. "ఎలాగూ బండి అద్దె ఇస్తున్నాం కదా, అది కూడా చూసేద్దాం" అంటాం. ముందు సీట్లో తండ్రి గడియారం చూస్తుంటాడు. వెనుక తల్లి ఒడిలో చంటిబిడ్డ ఏడుస్తుంటుంది. ఐదేళ్ల వాడు కళ్లు తిరుగుతున్నాయంటే, "కాస్త ఓర్చుకోరా" అని గద్దిస్తాం. ప్రియులారా, ఆ బండి ఎవరి వేగంతో నడుస్తోంది?

మన వాక్య భాగములో యాకోబు కూడా పిల్లలతో దారిలో ఉన్నాడు. ఇరవై సంవత్సరాలు మామ దగ్గర కొలువు చేసి, భార్యలతో, పదకొండుమంది కుమారులతో, కుమార్తె దీనాతో, మందలతో స్వదేశానికి తిరిగి వస్తున్నాడు. నాలుగువందల మందితో ఎదురువచ్చిన అన్న ఏశావు పగ సాధిస్తాడని భయపడ్డాడు. కాని అన్న మెడమీద పడి ముద్దుపెట్టుకొన్నాడు. ఆ తరువాత, కలిసి సాగిపోదాం రమ్మన్నాడు. యాకోబు ఏమని జవాబిచ్చాడు? పిల్లలు పసివారు, పాలిచ్చే పశువులున్నాయి, ఒక్క దినము వడిగా తోలితే మంద చచ్చిపోతుంది, నీవు ముందు వెళ్లు, నేను వీళ్ల నడకనుబట్టి మెల్లగా వస్తాను అన్నాడు.

ఇందులో మొదటి సంగతి, యాకోబుకు తన పిల్లల బలమెంతో తెలుసు. ముందు రాత్రే యబ్బోకు రేవు దగ్గర తొడగూడు వసిలి, తానూ కుంటుతూ నడుస్తున్నాడు. కుంటేవానికి చిన్న అడుగుల విలువ తెలుస్తుంది.

రెండవ సంగతి, ఎంతో కాలానికి ప్రేమగా పిలిచిన అన్నకు సైతం, పిల్లల కోసం మర్యాదగానే కాదని చెప్పాడు. మనమైతే బంధువులు నవ్వుతారని, పక్క బండివాళ్లు ముందుకు పోతున్నారని పిల్లలను తోలేస్తాం.

మూడవది, అతడు దారిలో ఆగాడు. సుక్కోతులో తనకు ఇల్లు, పశువులకు పాకలు వేశాడు. నిజమే, శేయీరుకు వస్తానన్న మాట అతడు నిలుపుకొన్నట్లు అక్కడ కనబడదు. ఆ విషయంలో అతడు మనకు మాదిరి కాడు. పిల్లలను నడిపించిన తీరులో మాత్రం మాదిరే.

ఇది ప్రాణాలతో కూడిన సంగతి, ప్రియులారా. ఘాట్ దిగేటప్పుడు అదేపనిగా బ్రేకు తొక్కితే అది వేడెక్కి పట్టు తప్పుతుంది. అందుకే ఎక్కిన గేరులోనే దిగమంటారు. డ్రైవరును తొందరపెట్టకండి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు బెల్టు లేకుండా బండి నడిపితే వెయ్యి రూపాయల జరిమానా. మోటారు సైకిలు మీద నాలుగేళ్ల లోపు బిడ్డ ఉంటే, ఆ బిడ్డను నడిపేవారికి కట్టి ఉంచే పట్టీలు ఉండాలని, గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదని 2023 ఫిబ్రవరి నుండి నిబంధన ఉంది. ఎండలో నిలిపిన కారులో బిడ్డను ఐదు నిమిషాలైనా వదలకండి. పసివాని ఒళ్లు పెద్దలకంటే త్వరగా వేడెక్కుతుంది. గంటకోసారి ఆగండి. నీళ్లు తాగించండి, ముంజలు తినిపించండి. బొర్రా గుహలు ఈ ఏడు చూడకపోతే వచ్చే ఏడు కూడా అక్కడే ఉంటాయి. మీ బిడ్డ ఐదేళ్ల ప్రాయం మాత్రం మళ్లీ రాదు.

ఇక ఇల్లు చేరాక సంగతి కూడా ఆలోచించండి. పక్కింటి అబ్బాయికి వచ్చిన మార్కులు ఏశావులాగా ముందు నడుస్తూ మనల్ని రమ్మంటాయి. కుటుంబ ప్రార్థనలో సైతం మనం గంటసేపు ప్రార్థించి, నిద్రపోయిన పిల్లవాణ్ణి కొట్టి లేపుతాం. వాడికి అర్థమయ్యే ఒక్క చిన్న కథ చెప్పి, వాడి చేత రెండు మాటలు ప్రార్థన చేయించండి. దేవునియొద్దకు కూడా బిడ్డలను వారి అడుగులతోనే నడిపించాలి.

మన దేవుడే అలా నడిపించేవాడు. గొఱ్ఱెపిల్లలను రొమ్మున ఆనించుకొని, పాలిచ్చేవాటిని మెల్లగా తోడుకొనిపోయే కాపరి ఆయన అని యెషయా ప్రవక్త చూపించాడు. మనలను మన వేగానికే నడిపిస్తున్న ప్రభువు మన బిడ్డలను మన చేతికి అప్పగించాడు.

ప్రార్థన చేసుకుందాం. ప్రేమగల తండ్రీ, ఈ వేసవిలో ప్రయాణమయ్యే ప్రతి కుటుంబాన్ని కాపాడుము. మా తొందరను అణచుము. నీవిచ్చిన పసివారి అడుగు చూచి నడిచే ఓర్పును తల్లిదండ్రులకు దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.