ఊరికి క్రొత్త కావలివాడు
(ఎండకు, వానకు, చలికి నోర్చు కెమేరాల నెన్నుకొను విధము)



ఊరి కాపలా నేడు పుట్టిన మాట కాదు. మన పెద్దలనాట ప్రతి గ్రామమునందును కావలికారు ఉండెను. అతడు చలి వేసినచో గొంగడి కప్పుకొనును. వాన వచ్చినచో చావడి క్రింద నిలుచును. ఎండ ముదిరినచో చెట్టునీడకు జరుగును. నేడు ఆ పనిని మనము కెమేరాల కప్పగించుచున్నాము. ఈ క్రొత్త కావలివాడు గొంగడి కప్పుకొనలేడు, నీడకు జరుగలేడు. కావున వానిని కొలువునందు బెట్టుకొనకముందే వాని యోర్పు నెఱుగుట మన విధి.

మా వర్ని ప్రాంతము నిజాంసాగరు కాలువనీటిచే బ్రతుకుచున్నది. 1931లో ఆ జలాశయము పూర్తియైన పిదప ఇచట చెఱకును, వరియును పెంపొందెను. బోధను చెంత శక్కరునగరులోని చక్కెర కర్మాగారము 2015లో మూతపడుటతో చెఱకు మిక్కిలి తగ్గి, వరి ప్రబలినది. పొలములోని మోటారు, దాని రాగితీగ, బాటపై నారబోసిన వడ్లు రైతునకు ప్రాణసమానములు. వీనిని గాపాడుకొనుటకై గ్రామములు చందాలు వేసికొని కెమేరాలు పెట్టుకొనుచున్నవి. తెలంగాణ పోలీసుశాఖవారు ‘నేను సైతం’ అను పేర నిట్టి ప్రయత్నమును ప్రోత్సహించిరి. ఆ చందా కూలివాని చెమటతోను గూడినది. దానిని వ్యర్థపుచ్చు నధికారము మనకు లేదు.

మొదట చలి సంగతి. విదేశములందున్న పిల్లలు కొందఱు, సున్నకు దిగువ 40 డిగ్రీల చలి నోర్చు కెమేరాను బంపెదమని తల్లిదండ్రులకు చెప్పుచుందురు. కెనడాలోను, అమెరికా ఉత్తరభాగములోను నివసించు మన తెలుగువారికి అది యవసరమే. అచట కెమేరా యద్దముపై మంచు పేరుకొనకుండుటకై లోపల వేడిమి పుట్టించు నమరిక యుండవలయును. మన మార్గశిర పుష్యముల చలి మనుష్యుని వణికించునే కాని యంత్రమునకు లెక్కలోనిది కాదు. మనకు పరీక్ష వేసవి. గాలియే 45 డిగ్రీలకు జేరినప్పుడు గోడమీద నెండలో మాడు పెట్టె యింకను వేడెక్కును. కావున పెట్టెమీద వ్రాసిన రెండంకెలలో క్రింది యంకెకు మురిసిపోక, పై యంకెను చదువుడు. అది 60 డిగ్రీలున్న మేలు. 50 మాత్రమే యున్నచో నీడపట్టుననే యుంచవలయును.

బ్యాటరీతో నడచు కెమేరాలకు మఱియొక చిక్కు గలదు. లిథియం బ్యాటరీని సాధారణముగ 0 నుండి 45 డిగ్రీల నడుమనే చార్జి చేయదగును. అతిశీతమున చార్జి చేసిన అది లోలోపల చెడును. అతితాపమున త్వరగ ముసలిదగును. కావున తీగ చేరగల చోట తీగతో నడచుదానినే యెన్నుకొనుట యుక్తము.

ఇక వాన, దుమ్ము. పెట్టెపై ‘ఐ.పి.’ అను అక్షరములు, వాని ప్రక్క రెండంకెలు నుండును. మొదటి యంకె దుమ్మునకు, రెండవది నీటికి సంబంధించినది. ‘66’ అనిన దుమ్ము చొరదు, బలమైన నీటిధారయు లోనికి పోదు. ‘67’ అనిన మీటరు లోతు నీటిలో అరగంట మునిగినను చెడదు. మన ముసురునకు 66 చాలును. అయితే పెట్టె నీటినాపినను తీగ యతుకు ఆపదు. ఆ యతుకును మూతగల డబ్బాలో నుంచి, తీగను కొంచెము క్రిందికి వ్రేలాడదీసి పైకి మలచినచో వాననీరు ఆ వంపునుండి జాఱిపోవును. పిడుగుల కాలమున మెఱుపుతాకిడి నాపు సాధనమును, విద్యుత్తు పోయినప్పటికి యు.పి.ఎస్.ను తప్పక యుండవలయును. ఱాయి విసరువా రుండు చోట ‘ఐ.కె. 10’ అను గుర్తు చూడుడు. అయిదు కిలోల బరువు నలువది సెంటీమీటర్ల యెత్తునుండి పడిన దెబ్బకు సమానమైన తాకిడిని అది యోర్చునని యర్థము.

తరువాత చూపు. కెమేరా యెంతదూరము చూచునని యడుగుట చాలదు. మొగము గుర్తించునా యని యడుగవలయును. తెలియనివాని మొగము నిశ్చయముగ గుర్తించుటకు మీటరు వెడల్పునకు 250 చుక్కలు కావలెనని ప్రమాణము. అడ్డముగ 1920 చుక్కలుగల కెమేరా ఆ లెక్కన 7 మీటర్ల 68 సెంటీమీటర్ల వెడల్పునే చక్కగ జూపగలదు. కావున విశాలమైన కూడలిని ఒక్క కెమేరాకు గట్టుటకంటె ఊరిలోనికి వచ్చు ఇఱుకుబాటలను వేఱువేఱుగ గాచుట మేలు. ఉదయించు సూర్యునకు గాని, అస్తమించు సూర్యునకు గాని ఎదురుగ నిలుపరాదు.

నిలువ సంగతియు లెక్కయే. 2013 నాటి ప్రజాభద్రతా చట్టము ప్రకారము ఒకేసారి 100 మంది గాని, దినమునకు 500 మంది గాని చేరు సంస్థలు కెమేరాలు పెట్టి 30 దినముల చిత్రములను భద్రపఱుపవలయును. గ్రామమునకును అది మంచి కొలత. సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున వ్రాయు కెమేరా దినమునకు 21.6 గిగాబైట్లు నింపును. నాలుగు కెమేరాలకు 30 దినములకు 2,592 గిగాబైట్లగును. కావున 3 టెరాబైట్లకు తగ్గిన డిస్కును కొనరాదు.

అంతర్జాలముతో గూడిన కెమేరాను పరులు దూరమునుండి వశపఱచుకొనకుండ, అమ్మకమునకు ముందే భద్రతాపరీక్ష జరుగవలయునను కేంద్ర నియమము 2025 ఏప్రిల్ 9 నుండి అమలులోనికి వచ్చినది. కొనునపుడు ఆ ధ్రువపత్ర మడుగుడు. పెట్టిన దినముననే పాత సంకేతపదమును మార్పింపుడు.

ఇంత చేసియు యద్దము తుడుచువాడు లేనిచో ఫలము సున్న. మా వీధిలో నొక కెమేరా వానకాల మొకటి గడచునప్పటికి సాలెగూటిని మాత్రమే కాపలా కాయుచుండుట చూచితిని. రాత్రి దాని వెలుగు ఆ దారములపై బడి చిత్రమెల్ల తెల్లబారుచుండెను. పక్షమున కొకమాఱు మెత్తని గుడ్డతో తుడుచు భారము నొక యువకునికి పేరుపెట్టి యప్పగింపుడు.

కడపటి మాట, నా మనస్సునకు ముఖ్యమైన మాట. కావలివాడు బాటను జూడవలెను గాని పెరటిలోనికి తొంగిచూడరాదు. వ్యక్తి యేకాంతము ప్రాథమికహక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పినది. ఆడువారు నీళ్లు పట్టుకొను చోటును, ఒకరి వాకిలి లోపలిని కెమేరాకు జూపకుడు. చిత్రములను ఎవరు చూడవచ్చునో పంచాయతీలో నిర్ణయించి వ్రాసి యుంచుడు. చూచిన ప్రతిమాఱు పుస్తకములో సంతకము చేయింపుడు. దొంగను బట్టు సాధనము ఇరుగుపొరుగువారి గుట్టు రట్టుచేయు సాధనమైనచో ఊరి నెయ్యము చెడును. అది మోటారు పోయినదానికంటె పెద్ద నష్టము. ఆ నెయ్యమును గాపాడు బాధ్యత పెద్దలైన మీదే. సెలవు.